గుడ్డు పడని పిల్లలకు ఎం.ఆర్. టీకా: మా అమ్మాయి విషయంలో జరిగింది

మీ బాబుకు తొమ్మిది నెలలు నిండాయనీ, గుడ్డు పెడితే ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయనీ, అందుకని తట్టు, రుబెల్లాలకు వేసే ఎం.ఆర్. టీకా వేయించడానికి భయపడుతున్నామనీ రాశారు. నేను వైద్యుణ్ణి కాను. కానీ సరిగ్గా ఇదే భయంతో మేము ఏడు వారాలు తాత్సారం చేసినవాళ్లం కనుక, తెలుసుకున్నది చెబుతున్నాను.

మా అమ్మాయికి ఎనిమిదో నెలలో ఉడికించిన గుడ్డు, తెల్లసొన కూడా కలిపి, రెండు చెంచాలు పెట్టాము. పది నిమిషాలు తిరక్కుండానే పెదవుల చుట్టూ, మెడ మీద దద్దుర్లు తేలాయి. ఒకసారి వాంతి కూడా చేసుకుంది. మరుసటి నెల అంగన్‌వాడీలో టీకాల రోజున ఈ సంగతి చెప్పగానే టీకాలు వేసే నర్సు, ఏఎన్‌ఎం గారు కార్డు తిరిగి చేతికిచ్చి, పెద్ద డాక్టరుకు చూపించి రమ్మన్నారు. ఆమెను తప్పుపట్టను. తప్పు మాదే, ఇంటికొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లడానికి బదులు తెలిసినవాళ్లనూ తెలియనివాళ్లనూ అడుగుతూ కూర్చున్నాము.

చివరికి కలిసిన చిన్నపిల్లల వైద్యురాలు మొదట అడిగిన ప్రశ్న, గుడ్డు తిన్న ఎంతసేపటికి దద్దుర్లు వచ్చాయి, ఆయాసం గానీ సోలిపోవడం గానీ ఉన్నాయా అని. తరువాత ఆమె చెప్పిన మాట మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే ఎం.ఆర్. టీకాలో తట్టు, రుబెల్లా వైరస్‌లు రెండింటినీ మానవ కణాల మీదే పెంచుతారు. గుడ్డుతో గానీ, కోడి పిండంతో గానీ దానికి సంబంధమే లేదు. గవదబిళ్లలు కూడా కలిసిన ఎం.ఎం.ఆర్. టీకాల్లో కోడి పిండ కణాలు వాడతారు గానీ, వాటిలో మిగిలే గుడ్డు ప్రొటీన్ లెక్కలోకి రానంత తక్కువ కాబట్టి, గుడ్డు పడని పిల్లలకు వాటినీ వేస్తారు. అంటే మేము ఏడు వారాలు భయపడింది ఆ సీసాలో లేని పదార్థానికి.

అందుకే «అలర్జీ ఉంది» అన్న ఒక్క మాటతో ఆగిపోకండి. దేనికి, ఎలాంటి అలర్జీ అన్నదే అసలు విషయం. ఆ ఎం.ఆర్. టీకాలో జెలటిన్, నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఉంటాయి. వీటికి గతంలో తీవ్రమైన స్పందన వచ్చినవారు, లేదా ఇదే టీకా ముందు డోసుకు ఊపిరాడని పరిస్థితి ఎదురైనవారు నిపుణుడి సలహా లేకుండా వేయించుకోకూడదు. నియోమైసిన్ పూత మందు రాస్తే చర్మం కాస్త ఎర్రబడి దురద పెట్టినంత మాత్రాన టీకా మానుకోనక్కరలేదు. దుమ్ము, పుప్పొడి, రొయ్యలు, వేరుశనగ పడకపోవడానికీ ఈ టీకాకూ సంబంధం లేదు. ఫ్లూ టీకాను ఎక్కువగా గుడ్లలోనే పెంచినా, గుడ్డు అలర్జీ ఉన్నవారికి ప్రత్యేక జాగ్రత్తలు అక్కరలేదని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2023లో నిబంధన సడలించింది. గుడ్డు విషయంలో నిజంగా ఆలోచించవలసింది, ఆఫ్రికాలో కొన్ని దేశాలకు వెళ్లేవారు వేయించుకునే యెల్లో ఫీవర్ టీకా గురించి.

తీవ్రమైన అలర్జీ ఏ టీకాకైనా రావచ్చు, కానీ అది చాలా అరుదు. అమెరికాలో 2009 నుంచి 2011 వరకు వేసిన రకరకాల టీకాల సుమారు 2.5 కోట్ల డోసులను పరిశీలిస్తే 33 మందికి టీకా వల్ల అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ, వచ్చినట్లు తేలింది, అంటే పది లక్షల డోసులకు ఒకటికి కొంచెం ఎక్కువ. వారిలో ఎవరూ చనిపోలేదు. టీకా వేశాక అరగంట కూర్చోబెట్టేది ఇందుకే. ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, వరసగా వాంతులు, బిడ్డ వేలాడిపోవడం కనిపిస్తే వెంటనే తొడ కండరంలో అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. మామూలు అలర్జీకి వాడే సెట్రిజిన్ చుక్కలు వేసి చూద్దామనుకోవడం అప్పుడు ప్రమాదం.

మా అమ్మాయికి ఆసుపత్రిలోనే కుడి చేతికి వేశారు. సూది గుచ్చినప్పుడు ఏడ్చింది. ఆ తరువాత అరగంటసేపు నా చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని హాయిగా కూర్చుంది. అయితే తొమ్మిదో రోజున జ్వరం వచ్చి, పొట్ట మీద సన్నని ఎర్రటి పొక్కులు లేచాయి. «గుడ్డు పడదని చెబితే విన్నారా» అని మా అమ్మ గోల. వైద్యురాలు చూసి, టీకా వేశాక వారం, పది రోజులకు కొందరు పిల్లల్లో ఇలా రావడం మామూలేననీ, ఇది అలర్జీ కాదనీ చెప్పారు. రెండు రోజుల్లో తగ్గిపోయింది.

మీ బాబుకు దద్దుర్లు మాత్రమే వచ్చి ఉంటే, ఒకసారి పిల్లల డాక్టరును అడిగి, పన్నెండు నెలలు నిండేలోపు వేయించండి. ఆయాసం కూడా వచ్చి ఉంటే, లేదా ఉబ్బసం ఉంటే, ఆ మాట ముందే చెప్పి ఆసుపత్రిలో వేయించండి. డాక్టరు చెప్పినది టీకాల కార్డు మీదే రాయించుకోండి. రెండో డోసుకు పదహారో నెలలో మేము మళ్లీ ఆ అంగన్‌వాడీకే వెళ్లినప్పుడు, ఏఎన్‌ఎం గారు మా కార్డు మీద వైద్యురాలు రాసిన రెండు వరసలు చదువుకుని ఏ ప్రశ్నా వేయకుండా సిరంజి తీశారు.