వాల్వ్ చేస్తానంటున్న అమ్మాయిని సాఫ్ట్‌వేర్‌కు పంపాలా?

ప్రశ్న: మా పాప అనంతపురం జేఎన్‌టీయూలో మెకానికల్ మూడో ఏడాది. ఆక్సిజన్ యంత్రాల్లో గ్యాస్‌ను అదుపు చేసే చిన్న వాల్వ్‌ను ప్రాజెక్టుగా సొంతంగా తయారుచేస్తానంటోంది. సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటే వినదు. దీంతో ఉద్యోగం వస్తుందా? – ఒక తండ్రి, ధర్మవరం

జవాబు: వస్తుందండీ. అయితే కంప్యూటర్‌లో బొమ్మ గీసి ఆపేస్తే రాదు. వాల్వ్ చేసి, కొలిచి, ఆ కొలతలు కాగితం మీద చూపిస్తే వస్తుంది.

ముందు ఆక్సిజన్ మాట పక్కన పెట్టించండి. లేత్ మిషన్ మీద వాడిన నూనె చుక్క లోపల మిగిలినా, అధిక పీడనంలో ఆక్సిజన్ తగిలితే అంటుకుంటుంది. ఎల్‌పీజీ కూడా వద్దు. ప్రాజెక్టుకు కంప్రెసర్ గాలి, ముందు ఒక ఫిల్టరు చాలు.

24 వోల్టుల సోలెనాయిడ్ వాల్వ్ (కరెంటిస్తే తీగచుట్ట, అంటే కాయిల్, అయస్కాంతమై లోపలి చిన్న కడ్డీని, అంటే ప్లంజర్‌ను, లాగి దారి తెరిచేది), 7 బార్ పీడనం, 1 మిల్లీమీటరు రంధ్రం తీసుకోమనండి. ఆ రంధ్రం మీద గాలి నెట్టే బలం సుమారు 0.55 న్యూటన్లు. రంధ్రం 2 మిల్లీమీటర్లు చేస్తే బలం రెట్టింపు కాదు, నాలుగింతలై 2.2 అవుతుంది. కాయిల్ దీన్నీ స్ప్రింగునూ కలిపి లాగాలి. ప్లంజర్ ఎంత లేవాలన్నదానికీ లెక్కుంది: రంధ్రం వ్యాసంలో నాలుగో వంతు, అంటే 0.25 మిల్లీమీటర్లు లేస్తే దారి పూర్తిగా తెరుచుకున్నట్టే. కొంచెం వెసులుబాటుకు 0.3 పెట్టుకోవచ్చు. అంతకు మించి ఎత్తు పెంచితే కాయిల్ పట్టు దారుణంగా పడిపోతుంది.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ప్లంజర్‌కు 430 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కావాలి, అది అయస్కాంతానికి అంటుకుంటుంది. చుట్టూ ఉండే గొట్టానికి అంటుకోని 304. రెండూ తారుమారైతే కాయిల్ ఎంత వేడెక్కినా ప్లంజర్ కదలదు. కరెంటు ఆపినా ప్లంజర్ పైనే అతుక్కుంటే, మిగిలిపోయిన అయస్కాంతత్వం కారణం. మధ్యలో పల్చటి ఇత్తడి రేకు వేస్తే విడుస్తుంది. సీటు (ప్లంజర్ వచ్చి కూర్చునే చోటు) అంచున కంటికి కనిపించని బర్ (కోతలో మిగిలిన లోహపు మొన) ఉన్నా, దారి మూసే విటాన్ రబ్బరు తెగి గాలి కారుతుంది. భూతద్దం పెట్టి చూడందే బిగించకూడదు.

మరొకటి, మన ఎండ. ఒక డిగ్రీ వేడి పెరిగితే రాగి తీగ నిరోధం సుమారు 0.39 శాతం పెరుగుతుంది. కాయిల్ వేడి 60 డిగ్రీలు పెరిగితే కరెంటు ఐదో వంతు తగ్గి, లాగే బలం దాదాపు మూడో వంతు పోతుంది. పొద్దున తెరుచుకున్న వాల్వ్ మధ్యాహ్నం మొరాయిస్తుంది. కాబట్టి వేడెక్కిన కాయిల్‌తోనే పరీక్షించాలి. బోరు మోటార్ల వైండింగ్ షాపులకు మన దగ్గర కొదవ లేదు గానీ, ఇంత సన్న తీగ వాళ్ల దగ్గర ఉండకపోవచ్చు. తీగ మందం (గేజి) చెప్పి తెప్పించుకోవాలి.

లీకు పరీక్షకు నీళ్లలో ముంచి బుడగలు చూడటం మొదటి మెట్టు. తర్వాత గాలి నింపి మూసి, గేజిలో పీడనం ఎంత పడిందో రాసుకోవాలి. పక్కన థర్మామీటరు తప్పనిసరి: లీకు లేకపోయినా 3 డిగ్రీలు చల్లబడితే 7 బార్ దగ్గర సుమారు 0.08 బార్ తగ్గుతుంది.

ఇంటర్వ్యూలో చూపాల్సింది ఈ కొలతల పట్టిక, వోల్టేజికి గాలి ప్రవాహం గ్రాఫు, పాడైపోయిన రెండు మూడు సీట్లు. న్యూమాటిక్ (గాలి పీడనంతో నడిచే) పరికరాలు, వెంటిలేటర్లు, గ్యాస్ ఎనలైజర్లు చేసే కంపెనీలకు ఇవే కావాలి. మీకు దగ్గరలో చూడాల్సింది బెంగళూరు పీణ్య పారిశ్రామిక వాడ. ఇస్రో ద్రవ ఇంధన ఇంజన్ల కేంద్రం ఎల్‌పీఎస్‌సీకీ బెంగళూరులో ఒక విభాగం ఉంది. వాల్వులు లేనిదే ఆ ఇంజన్లు నడవవు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కన్నా తక్కువే ఉండొచ్చు, దానికి ఇంట్లో ముందే సిద్ధపడండి.

కోడింగు మానేయమని కాదు. కాయిల్‌కు మొదట ఎక్కువ కరెంటు ఇచ్చి, ప్లంజర్ లేచాక తగ్గించే సర్క్యూటుకు మైక్రోకంట్రోలర్ (చిన్న కంట్రోల్ చిప్) ప్రోగ్రాం కావాలి. వేడెక్కే సమస్యకు మందు కూడా అదే. ఆ మేరకు సీ లాంగ్వేజ్ ఈ సెలవుల్లో నేర్చుకోమనండి. చేతిపనిలో పట్టు కావాలంటే, డిగ్రీ తర్వాత హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ కోర్సులు చూడొచ్చు.