ట్రిప్టోఫాన్ క్యాప్సూల్స్ తీసుకుంటే నిద్ర పడుతుందా?

ప్రశ్న: నా వయసు 46. చాలాకాలంగా రాత్రిళ్లు సరిగా నిద్ర పట్టడం లేదు. కుంగుబాటుకు డాక్టరు రాసిన మందు వాడుతున్నాను. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం తగ్గితే నిద్ర తగ్గుతుందని, దాని క్యాప్సూల్స్ వేసుకుంటే సరిపోతుందని, ఆహారంలో ఉండేదే కాబట్టి హాని చేయదని నా స్నేహితురాలు చెబుతోంది. వాడవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: మీ డాక్టరును అడగకుండా వాడకండి. కుంగుబాటు మందుల్లో చాలావరకు మెదడులో సందేశాలు చేరవేసే సెరటోనిన్ అనే రసాయనం ప్రభావాన్ని పెంచేవే. వాటికి ట్రిప్టోఫాన్ కూడా తోడైతే ఆ ప్రభావం మితిమీరి వణుకు, చెమటలు, గుండెదడ, జ్వరం, కండరాల బిగువు వంటి లక్షణాలతో సెరటోనిన్ సిండ్రోమ్ ఏర్పడవచ్చు. అది ఒక్కోసారి ప్రాణాల మీదికి తెస్తుంది.

మీ స్నేహితురాలి మాటలో కొంత నిజం లేకపోలేదు. మన శరీరం సొంతంగా తయారుచేసుకోలేని తొమ్మిది అమైనో ఆమ్లాల్లో ట్రిప్టోఫాన్ ఒకటి. దీని నుంచి సెరటోనిన్, సెరటోనిన్ నుంచి చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథిలో నిద్రవేళను సూచించే మెలటోనిన్ హార్మోన్ తయారవుతాయి. అయితే ఈ దారి పట్టేది చాలా కొద్ది భాగమే. ప్రోటీన్ల నిర్మాణానికి పోగా మిగిలినదాంట్లో 90 శాతానికి పైగా ప్రధానంగా కాలేయంలో మరో దారిలో విచ్ఛిన్నమవుతుంది. ఆ క్రమంలోనే సుమారు 60 మిల్లీగ్రాములకు 1 మిల్లీగ్రాము చొప్పున నియాసిన్ విటమిన్ కూడా తయారవుతుంది.

అసలు చిక్కు మెదడు దగ్గర ఉంది. పేగుల్లో తయారైన సెరటోనిన్ మెదడులోకి వెళ్లలేదు కాబట్టి మెదడు తనకు కావలసినదాన్ని ట్రిప్టోఫాన్ నుంచి తానే తయారుచేసుకోవాలి. కానీ రక్తం నుంచి మెదడులోకి దాన్ని చేరవేసే వాహక ప్రోటీనే లూసిన్, వాలిన్, టైరోసిన్ వంటి ఇతర అమైనో ఆమ్లాలను కూడా మోస్తుంది. పాలు, గుడ్లు, మాంసం, పప్పులు – ఏది తిన్నా ట్రిప్టోఫాన్ కంటే ఇవే ఎక్కువగా రక్తంలో చేరి పోటీకి వస్తాయి. అందువల్ల ప్రోటీన్ దండిగా ఉన్న భోజనం తర్వాత మెదడుకు అందే ట్రిప్టోఫాన్ పెరగకపోగా కొంత తగ్గవచ్చు కూడా. పడుకునే ముందు ఫలానాది తింటే నిద్ర ముంచుకొస్తుందనే ప్రచారాన్ని నేను పెద్దగా పట్టించుకోకపోవడానికి కారణం ఇదే.

క్యాప్సూల్ సంగతి వేరు. అందులో పోటీకి వచ్చే మిగతా అమైనో ఆమ్లాలు ఉండవు. పెద్దలకు రోజుకు కిలో బరువుకు 4 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ చాలు, అంటే 60 కిలోల మనిషికి 240 మిల్లీగ్రాములు. మామూలు భోజనంలో ఇంతకు మించే దొరుకుతుంది. నిద్ర కోసం చేసిన కొన్ని చిన్న అధ్యయనాల్లో 1 గ్రాము, అంతకు మించి ఇచ్చినప్పుడు త్వరగా నిద్ర పట్టిన మాట నిజమే. కానీ అంత మోతాదులో విడిగా తీసుకునే పదార్థాన్ని ఆహారమనడం కుదరదు, అది మందే. 1989లో అమెరికాలో ట్రిప్టోఫాన్ మాత్రలు వాడినవారిలో 1,500 మందికి పైగా తీవ్రమైన కండరాల నొప్పులు, రక్తంలో ఇయోసినోఫిల్ అనే ఒక రకం తెల్ల రక్తకణాల పెరుగుదలతో జబ్బుపడ్డారు. 30 మందికి పైగా మరణించారు. తయారీలో చేరిన మలినాలే అందుకు కారణమై ఉండవచ్చని దర్యాప్తులో అనుమానించారు.

కుంగుబాటు మందుల్లో కొన్ని స్వయంగా నిద్రను చెడగొడతాయి. మీరు మందు ఏ వేళ వేసుకుంటున్నారో డాక్టరుకు చెప్పండి. రాత్రి వేసుకుంటున్నదాన్ని ఉదయానికి మార్చడంతోనే కొందరికి నిద్ర కుదుటపడుతుంది. ఇప్పటికే క్యాప్సూల్స్ మొదలుపెట్టి ఉంటే ఆపేసి ఆ విషయం కూడా తెలియజేయండి. కుంగుబాటు మందును మాత్రం మీ అంతట మీరు మానవద్దు.