బొటనవేలి నొప్పి: దిద్దే పద్ధతి మార్చి చూడండి

టీచర్ గారూ, తెలుగు నోటుపుస్తకాలు దిద్దుతుంటే బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి వస్తోందనీ, సెలవుల్లో తగ్గి బడి తెరవగానే మళ్ళీ మొదలైందనీ రాశారు. వేళ్ళకు తిమ్మిరి లేదన్నారు కాబట్టి, మణికట్టులో నరం నొక్కుకుపోయే కార్పల్ టనెల్ కన్నా డీ కెర్వాన్ సమస్య అయ్యే అవకాశమే ఎక్కువ. ఇందులో బొటనవేలిని కదిలించే రెండు స్నాయువుల (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళ) చుట్టూ ఉన్న తొడుగు మందమై, కదిలినప్పుడల్లా ఒరుసుకుంటుంది. నిర్ధారణ మాత్రం ఎముకల డాక్టరు చేయాల్సిందే.

మీరు కొన్న మణికట్టు పట్టీ పనిచేయకపోవడంలో వింత లేదు. అది బొటనవేలిని వదిలేస్తుంది. బొటనవేలిని కూడా కదలకుండా ఉంచే స్ప్లింట్ అడగండి.

అసలు మార్చాల్సింది దిద్దే పద్ధతి. తప్పు పదాన్ని మీరే సరిచేసి రాయకండి. అంచులో ఒక్క అక్షరం చాలు: ఒత్తు తప్పితే ‘ఒ’, దీర్ఘం తప్పితే ‘దీ’, విభక్తి తప్పితే ‘వి’. సరైన రూపం పిల్లలే రాసుకుంటారు, నిజానికి వాళ్ళకు అప్పుడే గుర్తుంటుంది కూడా. ఒత్తి రాయనక్కర్లేని లావుపాటి జెల్ పెన్ను వాడండి.

ఫోను సంగతి మీరు రాయలేదు. తల్లిదండ్రుల వాట్సాప్ సందేశాలన్నీ బొటనవేలితోనే కొడుతున్నారా? కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో చెప్పేయండి, తప్పులు కొన్నే వస్తాయి.

కొన్ని వారాలకూ తగ్గకపోతే డాక్టరు స్టెరాయిడ్ ఇంజెక్షన్ సూచించవచ్చు. చాలామందికి దానితో ఉపశమనం ఉంటుంది. మధుమేహం ఉంటే ముందే చెప్పండి, కొన్నాళ్ళు చక్కెర పెరుగుతుంది.