కాగితంతో స్పేస్‌షిప్ కడుతున్న మా వాడికి దీంట్లో ఏదైనా కెరీర్ ఉందా సార్?

ప్రశ్న: సార్ నమస్తే, మాది ఖమ్మం. మా బాబు టెన్త్ చదువుతున్నాడు. పోయిన ఎండాకాలం సెలవుల నుంచి సైన్స్ ఫిక్షన్ స్పేస్‌షిప్ అని సొంతంగా కంప్యూటర్‌లో గీసుకుని, ప్రింట్లు తీసి, కత్తిరించి అతికిస్తున్నాడు. రెండడుగుల పొడవుంటుంది, వెనక ఇంజిన్లు, మధ్యలో అన్నం తినే పళ్లెమంత రింగు. ఆ రింగు సరిగ్గా రావట్లేదని పీకేసి మళ్లీ మళ్లీ చేస్తాడు. ఇల్లంతా కాగితం ముక్కలే, ప్రింటర్ ఇంకుకి బోలెడు డబ్బులవుతున్నాయి. వాళ్ల నాన్న ఇవన్నీ కట్టిపెట్టించి ఇంటర్ ఎంపీసీ ఐఐటీ బ్యాచ్‌లో, హాస్టల్లో వేసేద్దాం అంటున్నారు. వాడేమో ఒకరోజు డిజైన్ చదువుతా అంటాడు, ఇంకోరోజు ఇస్రో అంటాడు. దీనితో బతుకుదెరువు ఉంటుందా, మాన్పించాలా?

జవాబు: అమ్మా నమస్తే. మాన్పించొద్దు, ముందు ఆ మాట చెప్పేసి మిగతాది మాట్లాడుకుందాం.

మీరు రాసినదాంట్లో నన్ను ఆపిన మాట "సొంతంగా గీసుకుని" అన్నది. కాగితం మోడల్స్ చేసే పిల్లలు చాలామందే ఉంటారు, నాసాకి చెందిన జేపీఎల్ అనే ల్యాబ్ వాళ్లు అంతరిక్ష నౌకల కాగితం మోడల్స్ ఫ్రీగా పెట్టారు, కెనాన్ కంపెనీ సైట్‌లో కూడా బోలెడున్నాయి, అవి డౌన్‌లోడ్ చేసి గీత మీద కత్తిరించి అతికిస్తే అయిపోతుంది, అదీ మంచి అలవాటే కానీ అందులో ఓపిక, చేతి పనితనం వస్తాయి అంతే. మీ బాబు చేస్తున్నది వేరు. ఎక్కడా లేని ఆకారాన్ని బుర్రలో అనుకుని, దాన్ని చదునైన కాగితం మీదకి విప్పి, మళ్లీ దాన్నే నిలబెడుతున్నాడు. టెన్త్‌లోనే ఎవరూ చెప్పకుండా ఈ పనికి దిగాడంటే మనం కాస్త శ్రద్ధగా చూడాలి.

ఆ రింగు ఎందుకు కుదరట్లేదో చెప్తాను, ఎందుకంటే అసలు విషయమంతా అక్కడే ఉంది. కాగితం ఒక వైపుకే వంగుతుంది, ఒకేసారి రెండు వైపులా వంచితే ముడతలు పడుతుంది, లేదంటే చిరుగుతుంది. గొట్టం, శంకువు లాంటివాటిని నిలువునా కోస్తే చక్కగా చదునుగా పరుచుకుంటాయి. బంతినీ, గుండ్రటి రింగునీ అలా పరచలేం, బత్తాయి తొక్క ఒలిచి నేల మీద పెట్టి నొక్కితే పగులుతుంది చూడండి, అదే సంగతి. అందుకని రింగు కావాలంటే చిన్న చిన్న గొట్టం ముక్కలుగా చేసి కలపాల్సిందే. 12 ముక్కలు పెడితే ఒక్కో అతుకు దగ్గర 30 డిగ్రీలు తిరగాలి, అంటే ప్రతి ముక్క రెండు చివర్లనీ 15 డిగ్రీల ఏటవాలుగా కోయాలి, ఒక్కో దాంట్లో అర డిగ్రీ తేడా వచ్చినా అన్నీ కలిసి చివరి అతుకు దగ్గర నోరు తెరుచుకుంటుంది. బాబు పీకి మళ్లీ చేసేది దీనికే అయ్యుంటుంది.

ఇంజిన్ గొట్టాలు కూడా అంతే. మూతి వ్యాసార్థం 3 సెం.మీ., ఏటవాలు పొడవు 9 సెం.మీ. ఉన్న శంకువు కావాలంటే 9 సెం.మీ. వ్యాసార్థంతో 120 డిగ్రీల చాపం గీసి కోయాలి, ఎందుకంటే 360ని 3తో గుణించి 9తో భాగిస్తే 120. ఇంకొకటి, కాగితానికీ మందం ఉంటుంది. 200 జీఎస్ఎం అట్ట, అంటే చదరపు మీటరు 200 గ్రాములు తూగేది, సుమారు పావు మిల్లీమీటరు మందం. ఒక గొట్టంలో ఇంకో గొట్టం బిగుతుగా దూరాలంటే లోపలి దాని చుట్టుకొలత ఒకటిన్నర మిల్లీమీటరు తగ్గించాలి, లేకపోతే దూరదు. రేకు పని చేసేవాళ్లు, మెషీన్ పార్టులు డిజైన్ చేసేవాళ్లు రోజూ తలపట్టుకునే లెక్క ఇదే. బీటెక్ ఫస్ట్ ఇయర్ ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో డెవలప్‌మెంట్ ఆఫ్ సర్ఫేసెస్ అని ఒక చాప్టర్ ఉంటుంది, మంచి ర్యాంకులతో వచ్చిన పిల్లలు కూడా దాని దగ్గర బిక్కమొహం వేస్తారు, కారణం వాళ్లెప్పుడూ చేత్తో ఒక అట్టపెట్టె కూడా విప్పి చూడలేదు.

ఇప్పుడు బతుకుదెరువు సంగతి. కాగితం స్పేస్‌షిప్‌లు చేసి అమ్ముకుని బతకడం అనేది మన దగ్గర లేదనే అనుకోండి, ఆన్‌లైన్‌లో టెంప్లేట్లు అమ్మేవాళ్లున్నారు గానీ దాని మీద ఇల్లు నడుస్తుందని నేను చెప్పను. అయితే ఈ ఒక్క మోడల్‌లో మూడు వేరు వేరు పనులున్నాయి, ఆ మూడింటికీ వేరు వేరు చదువులున్నాయి. బాబు ఒకరోజు డిజైన్ ఒకరోజు ఇస్రో అనడం నిలకడ లేక కాదు, తను చేస్తున్న పనిలో రెండూ ఉన్నాయి కాబట్టి. మీరు ఒక నెల గమనించండి. ఏ దశలో అన్నం కూడా మర్చిపోతున్నాడు? షిప్ ఎలా కనపడాలి, లోపల మనుషులు ఎక్కడుంటారు, కిటికీలు ఎక్కడ అని పేజీలకి పేజీలు గీస్తున్నప్పుడా, లేదా ఇది ఎలా తిరుగుతుంది, ఎందుకు ఇలా ఉండాలి అని లెక్కలేస్తున్నప్పుడా, లేదా కట్టర్, స్కేలు పట్టుకుని అతుకు కనపడకుండా కలుపుతున్నప్పుడా?

మొదటిదైతే డిజైన్. బ్యాచిలర్ ఆఫ్ డిజైన్ నాలుగేళ్ల కోర్సు, ఐఐటీల్లో దీనికి యూసీడ్ అని పరీక్ష ఉంది, ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది, మామూలుగా జనవరిలో ఉంటుంది, ఇంటర్‌లో ఏ గ్రూపైనా రాయొచ్చు. మన ఐఐటీ హైదరాబాద్‌లో, అంటే సంగారెడ్డి దగ్గర కందిలో, ఈ కోర్సుంది. ఈ పరీక్షలో బొమ్మ గీయడంతో పాటు ఒక వస్తువుని తిప్పితే ఎలా కనపడుతుంది, విప్పితే ఎలా ఉంటుంది లాంటి ప్రశ్నలొస్తాయి, మీ బాబుకి అవి ఆటలా ఉంటాయి. డిజైన్‌కే ఇంకో దారి ఎన్ఐడీ, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, అహ్మదాబాద్‌ది అందరికీ తెలిసిందే, ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఎన్ఐడీ ఉంది, ఇండస్ట్రియల్ డిజైన్ అక్కడ చెప్తారు. వాళ్ల రెండో దశ పరీక్షలో ముందు కూర్చోబెట్టి చేత్తో చేయిస్తారు. హైదరాబాద్‌లోనూ క్యాంపస్ ఉన్న నిఫ్ట్ (ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) వాళ్ల సిచ్యువేషన్ టెస్ట్ కూడా ఇచ్చిన సామానుతో మోడల్ చేయమనేదే. ఇళ్ల మీద, కట్టడాల మీద మనసుంటే బీఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ, దానికి ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ కావాలి, జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ గానీ నాటా అనే ఆర్కిటెక్చర్ ఎంట్రన్స్ గానీ రాయాలి, విజయవాడలో ఎస్పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్), హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉన్నాయి. ఒక్క జాగ్రత్త, డిజైన్ పేరుతో ఈమధ్య ప్రైవేట్ కాలేజీలు చాలా పుట్టుకొచ్చాయి, ఫీజులు లక్షల్లో ఉంటాయి, చేరే ముందు అక్కడ చదివి బయటికొచ్చిన పిల్లలు ఇద్దరు ముగ్గురితో మీరే మాట్లాడండి, బ్రోచర్ చూసి కట్టేయొద్దు.

రెండోదైతే ఇంజనీరింగ్. దీన్ని తేల్చుకోవడానికి బాబుని ఒక ప్రశ్న అడగండి: నీ షిప్ ఏ స్కేలు? 1:1000 అనుకుంటే రెండడుగుల మోడల్ నిజంగా దాదాపు 600 మీటర్ల షిప్ అవుతుంది, పళ్లెమంత రింగు, అంటే 10 సెం.మీ. వ్యాసార్థం, నిజంలో 100 మీటర్లు అవుతుంది. ఆ రింగు తిరిగితేనే కదా లోపలివాళ్లకి బరువు తెలిసేది, భూమ్మీద ఉన్నట్టు ఉండాలంటే నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలి? జవాబు దాదాపు 3. ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్‌లో వృత్తాకార చలనంలో వచ్చే లెక్కే ఇది. ఆ ప్రశ్న వినగానే కాగితం కలం తీసుకుని కూర్చున్నాడంటే వాడి మనసు ఎటుందో మీకే తెలిసిపోతుంది. "అదంతా ఎందుకమ్మా, చూడ్డానికి బాగుంది కదా" అన్నాడంటే అదీ జవాబే, తప్పేం లేదు, డిజైన్ వైపు చూడండి.

కాగితం మడతలకీ అంతరిక్షానికీ ఏం సంబంధం అని వాళ్ల నాన్నగారు అడగొచ్చు. జపాన్‌లో కోర్యో మియురా అనే ఆయన కాగితం మడత పద్ధతి ఒకటి కనిపెట్టారు, రెండు మూలలు పట్టుకుని లాగితే మొత్తం ఒకేసారి విచ్చుకుంటుంది, 1995లో ప్రయోగించిన స్పేస్ ఫ్లయర్ యూనిట్ అనే జపాన్ ఉపగ్రహంలో సోలార్ ప్యానెల్‌ని ఆ మడతతోనే పంపి పైన విప్పారు. 2021 డిసెంబర్ 25న వెళ్లిన జేమ్స్ వెబ్ టెలిస్కోప్ అద్దం ఆరున్నర మీటర్లు, 18 ముక్కలు, అంత అద్దం తెరిచి పెడితే రాకెట్ తలలో పట్టదు కాబట్టి రెండు పక్కలా మడిచి తీసుకెళ్లి పైన విప్పారు. రాకెట్‌లో చోటు ఎప్పుడూ తక్కువే, అందుకే మడవడం, విప్పడం అక్కడ పెద్ద చదువు. దారి విషయానికొస్తే తిరువనంతపురంలో ఐఐఎస్‌టీ అనే స్పేస్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఏరోస్పేస్ బీటెక్, జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో తీసుకుంటారు. అది రాకపోతే మెకానికల్ తీసుకున్నా నష్టం లేదు, ఇస్రో సైంటిస్ట్ ఉద్యోగాలకి మెకానికల్ వాళ్లని కూడా తీసుకుంటుంది. ఇప్పుడు ఇస్రో ఒక్కటే కూడా కాదు, 2022 నవంబర్ 18న మన దేశపు మొదటి ప్రైవేట్ రాకెట్ విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి ఎగిరింది, దాన్ని చేసిన స్కైరూట్ హైదరాబాద్ కంపెనీనే. ఉపగ్రహాలు చేసే ధ్రువ స్పేస్ కూడా హైదరాబాదే.

మూడోది చేతి పని, దీన్ని మన ఇళ్లల్లో చిన్నచూపు చూస్తారు, నాకు అది నచ్చదు. హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, టెన్త్ తర్వాత టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమా, వాళ్లే ఎంట్రన్స్ పెడతారు. పాలీసెట్ రాసి మెకానికల్ డిప్లొమా చేసి ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లే దారీ ఉంది. ప్యాకేజింగ్ అనే రంగం గురించైతే అసలు ఎవరూ చెప్పరు, మందుల డబ్బా, స్వీటు డబ్బా, ఫోన్ డబ్బా, ఇవన్నీ ఎవరో ఒకరు చదునైన అట్ట మీద గీసి మడత గీతలు పెట్టినవే, మీ బాబు రోజూ చేస్తున్న పని అచ్చంగా అదే. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కి హైదరాబాద్‌లో సెంటర్ ఉంది, అది డిగ్రీ తర్వాత ఆలోచించాల్సిన సంగతి.

ఇక హాస్టల్. ఎంపీసీ విషయంలో వాళ్ల నాన్నగారితో నేను ఒప్పుకుంటాను, పైన చెప్పిన దారుల్లో ఇంటర్ మీద ఆధారపడేవి ఏవీ ఎంపీసీతో మూసుకుపోవు, బాబు మనసు ఇంకా తేలలేదు కాబట్టి అదే సరైన గ్రూపు. హాస్టల్ విషయంలో మాత్రం ఒప్పుకోను. పొద్దున అయిదింటి నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్స్ ఉండే చోట కట్టర్, జిగురు పక్కన పెట్టండి, స్కెచ్ బుక్ కూడా పట్టుకోనివ్వరు, రెండేళ్లకి ఆ చెయ్యి ఆగిపోతుంది. ఊళ్లోనే మంచి డే స్కాలర్ కాలేజీ చూడండి, ఆదివారం సగం రోజు బాబుకి వదిలేయండి. బాబుకీ ఒక మాట గట్టిగా చెప్పాలి: షిప్ ఎంత బాగున్నా మ్యాథ్స్ మార్కుల బదులు దాన్ని ఎవరూ తీసుకోరు, పబ్లిక్ పరీక్షల ముందు జనవరి నుంచి అది అటక మీదకి ఎక్కాలి, పరీక్షలయ్యాక దిగాలి. ఈ తేదీ మీరు పెట్టకండి, తననే పెట్టమనండి.

పాడైపోయిన రింగుల్ని పారేయొద్దని చెప్పండి. ఒక్కోదాన్ని ఫోటో తీసి, కింద తేదీ వేసి, ఎక్కడ చెడింది, తర్వాతి దాంట్లో ఏం మార్చాడు అని రెండు లైన్లు రాయమనండి, తెలుగులో రాసినా ఫర్వాలేదు. యూసీడ్‌కి ఇది అక్కర్లేదు గానీ, రేపు ఏ ఇంటర్వ్యూలోనైనా "నువ్వేం చేశావు" అని అడిగితే ఫినిష్ అయిన మోడల్ కన్నా ఆ నోట్‌బుక్ గురించే ఎక్కువ సేపు మాట్లాడొచ్చు. సాఫ్ట్‌వేర్ కూడా ఏం వాడుతున్నాడో అడగండి, బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరుకుతుంది, కాగితం మోడల్‌గా విప్పే యాడ్-ఆన్ దానికుంది, జపాన్ వాళ్ల పెపకురా కూడా ఉంది. విప్పడం అవి చేసిపెడతాయి, కానీ కోత ఎక్కడ పడాలి, అతుకు ఏ పక్కకి దాచాలి, జిగురు రాసే చెవులు ఎటు పెట్టాలి అన్నది మనిషే నిర్ణయించాలి, సాఫ్ట్‌వేర్ ఇచ్చింది ఇచ్చినట్టు వాడకుండా తను మార్చుకుంటుంటే చాలా మంచిది.

చివరికి ఇంకు ఖర్చు. రంగులు నింపి ప్రింట్ తీస్తున్నాడు కాబట్టి అంత అవుతోంది. ట్రయల్‌కి మామూలు జిరాక్స్ కాగితం మీద సన్న నల్ల గీతలు మాత్రమే తీయమనండి, అది కుదిరాకే 200 జీఎస్ఎం ఐవరీ షీట్ మీద జిరాక్స్ షాపులో తీయించుకోవచ్చు, ఇంట్లో ప్రింటర్‌లో మందం అట్ట ఇరుక్కుని పాడయ్యే భయం కూడా ఉండదు, రంగు కావాలంటే రంగు అట్టే కొనుక్కోవచ్చు. మడత గీతని ఇంకు అయిపోయిన రీఫిల్‌తో స్టీల్ స్కేలు పెట్టి గీసి మడవాలి, ఫెవికాల్ పల్చగా రాయాలి, ఎక్కువైతే దాంట్లో తడికి అట్ట ఉబ్బి కొలత మారుతుంది, రింగు కుదరకపోవడానికి అదీ ఒక కారణం అయ్యుండొచ్చు, ఒకసారి చూడమనండి.