వేయించడం అంటే ఫ్రై ఒక్కటేనా?

వంటల గురించి ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే ఫ్రై, బాయిల్ తప్ప మరో మాట తట్టడం లేదు, మగ్గబెట్టడాన్నీ పోపునీ ఏమంటారు అని అడిగారు. బెంగళూరు వచ్చిన కొత్తలో నాకూ ఇదే టెన్షన్.

బీటీఎం లేఅవుట్‌లో ఒక అస్సాం అమ్మాయితో కలిసి ఉండేదాన్ని. నేను ఊళ్లో ఉండగా కందిపొడి ఎలా చేయాలని ఫోన్ చేసింది. 'ఫ్రై ద దాల్' అన్నాను. పాపం, మూకుడులో నూనె పోసి మరీ పప్పు వేయించింది. మిక్సీ పడితే పొడి కాలేదు, బ్లేడు చుట్టూ జిడ్డుగా ముద్దకట్టింది. తప్పు తనది కాదు. మనకు నూనె ఉన్నా లేకున్నా వేయించడమే. ఇంగ్లీషులో ఫ్రై అనగానే నూనో నెయ్యో ఉందనే అర్థం చేసుకుంటారు. నూనె లేకపోతే డ్రై రోస్ట్ అనాలి. గారెల్లా నూనెలో మునిగి వేగితే డీప్ ఫ్రై, పెనం మీద కొద్ది నూనెతో చేపముక్కలు కాలిస్తే షాలో ఫ్రై. ఉల్లిపాయ ముక్కల్ని కాస్త నూనెలో కదుపుతూ వేయించడం సాటే. అది ఫ్రెంచి మాట, ఎగరడం అనే అర్థంలోంచి వచ్చింది.

నీళ్లతో వండేవాటికి మంట చూసుకోండి. తెర్లుతుంటే బాయిల్, సన్నని సెగ మీద చిన్న బుడగలు వస్తుంటే సిమర్. మన స్టవ్ మీద 'సిమ్' అదే. పప్పుచారుకి 'బ్రింగ్ టు ఎ బాయిల్, దెన్ సిమర్' అంటే సరిపోతుంది. ఇడ్లీకి స్టీమ్. పులుసు ఇగరబెట్టడం రెడ్యూస్.

మగ్గబెట్టడానికి మాత్రం అచ్చంగా సరిపోయే ఒక్క మాట నాకు దొరకలేదు. స్వెట్ అనే మాట దగ్గరగా ఉంటుంది, కూర తన నీటితోనే మెత్తబడటం అని. కానీ వంట బాగా తెలిసినవాళ్లకే అది అర్థమవుతుంది. నేను 'కవర్ అండ్ కుక్ ఆన్ లో ఫ్లేమ్, నో వాటర్' అంటాను. ఆ చివరి రెండు మాటలూ వదిలేస్తే దొండకాయల్లో గ్లాసుడు నీళ్లు పోసేస్తారు.

పోపుని ఇక్కడ టెంపరింగ్ అంటే అందరికీ తెలుసు. విదేశీయులకు టెంపరింగ్ అంటే చాక్లెట్ కరిగించి చల్లార్చే పద్ధతి గుర్తొస్తుంది. వాళ్లకు ఆవాలు, జీలకర్ర వేడి నూనెలో చిటపటలాడించి కూరలో కలుపుతామని విడమరిచి చెప్పడమే మేలు.

రోటి పచ్చడి చెప్పేటప్పుడు 'కోర్స్' అనే మాట తప్పకుండా వాడండి, బరకగా అని. వట్టి గ్రైండ్ అని ఊరుకుంటే మెత్తటి పేస్ట్ చేసి పెడతారు.