బోటు మీద పెట్టె ఎవరి కోసం?

ప్రశ్న: మా నాన్నగారి బోటుకి ఇస్రో ట్రాన్స్‌పాండర్ పెట్టారు. మేం వేటాడే చోట్లు పక్క బోట్లవాళ్లకి తెలిసిపోతాయేమోనని ఆయనకు ఒకటే టెన్షన్. అసలు దేశ భద్రతకూ మా బోటుకూ ఏమిటండీ సంబంధం?
– ఒక పాఠకురాలు, భీమిలి

జవాబు: ఆ టెన్షన్ న్యాయమైనదేనమ్మా. చేపలు పడే చోటు తెలిసి ఉండటమే వేటగాడి ఆస్తి. అయితే ఈ పెట్టె మీ బోటు ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా కంట్రోల్ సెంటర్‌కి పంపుతుంది. పెద్ద ఓడల్లో ఉండే ఏఐఎస్ అనే రేడియో పరికరంలాగా చుట్టుపక్కల అందరికీ చాటదు. తుఫాను హెచ్చరిక వస్తే నాన్నగారు ఫోన్‌లోనే చదువుకోవచ్చు, ఆపదలో ఉంటే అక్కడి నుంచే కబురు పంపవచ్చు.

ఇక సంబంధం అంటారా, 2008 నవంబరులో ముంబయిపై దాడికి వచ్చినవాళ్లు నడిసముద్రంలో చేజిక్కించుకున్నది కుబేర్ అనే గుజరాత్ చేపల బోటునే. రాడార్‌లో చిన్న బోట్లన్నీ ఒకేలా చుక్కల్లా కనిపిస్తాయి. తేడా పట్టేది మీ నాన్నగారి కళ్లే: వల లేకుండా తిరిగేది, మన రాష్ట్రం బోట్లకు వేసే రంగు లేనిది, కేకేస్తే పలకనిది. నేను కోస్ట్‌గార్డ్‌లో ఉన్నప్పుడు మాకు పనికొచ్చిన కబుర్లు ఎక్కువగా జాలరుల నుంచే వచ్చేవి. అనుమానం వస్తే 1093కి, ప్రాణాపాయమైతే 1554కి ఫోన్ చేయమనండి.

మీ బోటు సమాచారం ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు అన్నది మాత్రం అధికారులు ఊళ్లోకొచ్చి చెప్పి తీరాలి. మీ సంఘం తరఫున మత్స్యశాఖను రాతపూర్వకంగా అడగండి.