దెబ్బతిన్న దుప్పి వెంట నడవడం: బీటులో కొత్తగా చేరిన మేనల్లుడికి

సిరోంచ, మహారాష్ట్ర

చిరంజీవి మేనల్లునికి మామ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. అటవీ గార్డుగా చేరిన మూడో నెలలోనే నీ బీటులో, అంటే నీ కాపలాకు అప్పగించిన అడవి భాగంలో, ఎవరో దుప్పిని బాణంతో కొట్టారన్న కబురు రావడం, నీవు ఊరి నుండి పదిమందిని వెంటబెట్టుకొని అప్పటికప్పుడే అడవిలోకి దిగడం, పొద్దుగూకేసరికి నెత్తుటి జాడ తెగిపోవడం, మరునాడు ఒర్రె అవతల నక్కలు తినగా మిగిలిన కళేబరం దొరకడం, అన్నీ చదివాను. ఎక్కడ తప్పు జరిగిందో చెప్పమని అడిగావు. తప్పు నీవు బయలుదేరిన క్షణంలోనే జరిగింది. ఆ తర్వాత నీవు చేసిన పనుల్లో తప్పుపట్టవలసింది పెద్దగా లేదు.

ఈ మాట నిన్ను నొప్పించడానికి రాయడం లేదు. ఉద్యోగంలో చేరిన తొలి వేసవిలో నేనూ అదే చేశాను. కడుపులో బాణం దిగిన ఒక ఆడ దుప్పి వెంట, ప్రాణం కాపాడుతున్నానన్న ఆవేశంతో, మధ్యాహ్నపు ఎండలో పరుగు తీశాను. మూడుసార్లు అది పడుకొంది, మూడుసార్లూ నా అలికిడికి లేచి పోయింది. నాలుగోసారి అది ఎక్కడ పడుకొందో నాకు తెలియలేదు. తరువాతి రోజు జాడ పట్టుకొని వెనక్కు నడిచి లెక్క చూసుకొంటే, దెబ్బ తగిలిన చోటికీ అది మొదట పడుకొన్న పొదకూ నడుమ నూటయాభై అడుగుల దూరం కూడా లేదు. అంటే నేను ఆ నీడనే కూర్చొని ఉంటే అది ఆ పొదలోనే ఉండేది. గాయపడిన దుప్పిని ఎవరూ తరమకపోతే అది దూరం పోదు. మొదటి చాటు దొరకగానే, తాను వచ్చిన దారివైపే ముఖం పెట్టి పడుకొంటుంది. అది అలా చూస్తూ ఉన్నదని తెలియక మనం అదే దారిన మాట్లాడుకొంటూ పోతాము.

కాబట్టి కబురు రాగానే చేయవలసిన మొదటి పని అడవిలోకి పోవడం కాదు, కబురు తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి అడగడం. దుప్పి ఎక్కడ నిలబడి ఉండగా దెబ్బ తగిలింది, చివరిసారి ఏ చెట్టు పక్కన కనబడింది, దెబ్బ తగిలినప్పుడు ఎలా కదిలింది అన్న మూడు సంగతులు రాబట్టుకోవాలి. వెనుక కాళ్లు గాలిలోకి తన్ని తలవంచి దూసుకుపోయిందని చెబితే గుండె దగ్గరో ఊపిరితిత్తులలోనో తగిలి ఉండవచ్చు. నడుము పైకెత్తి, వీపు గూనిలా వంచి, నాలుగడుగులు మెల్లగా నడిచి ఆగిందంటే అది ఎక్కువగా కడుపు దెబ్బ. మందతో పాటే గంతులు వేస్తూ పోయిందంటే కండకు తగిలి ఉండవచ్చు. చెప్పేవాడు భయంతో కొంత కలుపుతాడు, కొంత దాస్తాడు. కొట్టినవాడు అతని బంధువే కావచ్చు కూడా. అందుకని విన్నదాన్ని విన్నట్టు రాసుకొని, నేలను చూశాకే నమ్మాలి.

దెబ్బ తగిలిన చోటికి ఇద్దరే వెళ్లాలి, మూడోవాడు వద్దు. అక్కడ బాణం దొరికితే నీ అదృష్టం, ఎందుకంటే దుప్పి ఒంటిలో ఏం జరిగిందో అదే చెబుతుంది. బాణం పుల్ల మీద గులాబీ రంగు నెత్తురు, అందులో చిన్న చిన్న బుడగలు ఉంటే ఊపిరితిత్తులు తెగినట్టు. చిక్కని ముదురు ఎరుపు అయితే కార్జానికి తగిలి ఉంటుంది. పచ్చని జిగురు, నమిలిన గడ్డి తునకలు, పులిసిన వాసన ఉంటే అది కడుపులోకి పోయింది. శుభ్రమైన ఎర్రటి నెత్తురు, అదీ కొద్దిగా మాత్రమే ఉంటే కండ. ఆ చోట రాలిన వెంట్రుకలనూ చూడు. దుప్పికి పొట్ట అడుగున తెల్లని వెంట్రుకలు, వీపు మీద ఎర్రమట్టి రంగువి ఉంటాయి కాబట్టి ములికి పైన తగిలిందా కింద తగిలిందా అన్నది వెంట్రుకే చెబుతుంది. బాణాన్ని తుడవకు, కడగకు. అది రేపు కోర్టులో సాక్ష్యం అవుతుంది కనుక కాగితంలో చుట్టి పెట్టుకో.

ఇక ఆగడం గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే మన ఉద్యోగంలో అన్నింటికంటే కష్టమైన పని ఇదే. ఊపిరితిత్తుల దెబ్బ అయితే ఆ జంతువు కొన్ని నిమిషాలకు మించి బతకదు. నీవు అరగంట ఆగినా ఆగకపోయినా ఫలితం మారదు, కానీ ఆగితే వందో రెండు వందలో గజాల లోపల కళేబరం దొరుకుతుంది. కార్జానికి తగిలితే మూడు నాలుగు గంటలు, కడుపుకు తగిలితే సగం రోజుకు పైగా అది పడుకొనే ఉంటుంది. ఇక్కడే మనకూ వేటగానికీ తేడా వస్తుంది. వాడు అది చచ్చేదాకా ఆగుతాడు, మనం డాక్టరు వచ్చేదాకా ఆగాలి. పశువైద్యుడు లేకుండా నీవు బతికి ఉన్న దుప్పిని చేరుకొని చేయగలిగింది ఏమీ లేదు. దాన్ని లేపి ఇంకో అర కిలోమీటరు పరుగెత్తించగలవు, అంతే. అందుకే రేంజరుకు చెప్పి డాక్టరును రప్పించేవరకు, దెబ్బ తగిలిన చోటికి ఎడంగా, గాలి నీవైపు వీచే దిక్కున కూర్చో. ఊరివాళ్లు 'సారు ఏం చేస్తలేడు' అంటారు. అననీ.

కండ దెబ్బ అయితే నా అభిప్రాయం వేరు. నెత్తురు తగ్గుతూ పోయి, దుప్పి మందతో కలిసి మేస్తూ కనబడితే దాని జోలికి పోవద్దు. నాలుగైదు రోజులు దూరం నుండి చూడు, డాక్టరుకు చెప్పు, పట్టుకొనే ఆలోచన మానుకో. అలాంటి గాయాలు వాటంతటవే మానినవి నేను చూశాను. చిన్న గాయానికి వలలు వేసి పట్టబోయి ప్రాణం తీసిన సంగతి కూడా చూశాను. ఆ సంగతి ఈ ఉత్తరంలోనే కింద రాస్తాను.

జాడ పట్టే పని డాక్టరు బయలుదేరాడని తెలిశాక మొదలుపెట్టు. భామ్రాగఢ్ వైపు పనిచేసినప్పుడు ఒక మాడియా గోండు పెద్దాయన నాకు నేర్పిన మొదటి సంగతి, జాడ మీద నడవకూడదని. జాడకు ఒక పక్కగా, మూరెడు ఎడంగా నడవాలి. తెగిపోయినప్పుడు మళ్లీ వెనక్కు వచ్చి చూసుకోవడానికి అది చెడకుండా ఉండాలి. ఇద్దరిలో ఒకడు చివరి నెత్తుటి చుక్క దగ్గర కదలకుండా నిలబడతాడు, రెండోవాడు ముందుకు వెతుకుతాడు. కొత్త చుక్క దొరికితేనే మొదటివాడు కదలాలి. ప్రతి చుక్క దగ్గరా కొమ్మకు ఒక తెల్లగుడ్డ పీలిక కట్టు. కొంతదూరం పోయాక వెనుదిరిగి చూస్తే ఆ పీలికల వరుస దుప్పి ఎటు మొగ్గుతున్నదో చూపుతుంది. అది వాగు వైపా, గుట్ట మీదికా అన్నది అలా తేలుతుంది. నీ ఫోనులో జీపీఎస్ ఉంటుంది, దాన్ని వద్దనను, కానీ మూడడుగుల మలుపును అది చూపదు.

చుక్క ఆకారం చూడు. దుప్పి నిలబడి ఉండగా పడిన చుక్క గుండ్రంగా ఉంటుంది, నడుస్తుండగా పడినదానికి తోక ఉంటుంది, ఆ తోక అది పోయిన దిక్కుకు సాగి ఉంటుంది. నేల మీదే చూస్తే సగం జాడ పోతుంది. మోకాలి ఎత్తున, నడుము ఎత్తున ఆకుల అంచులకు పూసుకొన్న నెత్తురు గాయం ఎత్తును చెబుతుంది, దారికి రెండు వైపులా పూసి ఉంటే బాణం ఒక పక్క దిగి రెండో పక్కకు దూసుకుపోయిందని అర్థం. నెత్తురు కనబడకపోతే గిట్టలను చూడు. పరుగెత్తే దుప్పి గిట్టల చీలిక వెడల్పవుతుంది, వెనుకనున్న చిన్న గిట్టలు కూడా నేలలో దిగుతాయి. కుంటుతుంటే ఒక కాలి గుర్తు దగ్గర గీత లాగినట్టు ఉంటుంది. బోర్లాపడిన ఆకుల నడుమ ఒక ఆకు తడి వైపు పైకి తిరిగి ఉంటే దాన్ని ఇప్పుడే ఏదో కాలు తిప్పింది.

మన టేకు అడవి ఈ విషయంలో మనిషిని మోసం చేస్తుంది. లేత టేకు ఆకు నలిగితే ఎర్రని రసం వస్తుంది, నీ వేళ్లతో ఒకసారి నలిపి చూసుకో. వానలు మొదలై చిగురు వేసిన రోజుల్లో పశువుల మంద నడిచిన దారి అంతా నెత్తురు చిందినట్టే ఉంటుంది. ఏగిస చెట్టు బెరడు చెక్కుకుపోతే కారే జిగురూ అంతే. అనుమానం వచ్చిన మరకను తడి చేసిన బొటనవేలితో రుద్దు. నెత్తురైతే ఎండినదైనా మళ్లీ ఎర్రగా కరుగుతుంది. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే నెత్తురు తెల్లగా నురుగు కక్కుతుంది. చిన్న సీసా ఒకటి జేబులో ఉంచుకో. వేసవిలో అయితే ఎండుటాకుల మీద నెత్తురు గంటలోపే నల్లబడి ఆకు మచ్చల్లో కలిసిపోతుంది, అప్పుడు చీమలను చూడు. ఏమీ లేని ఆకు మీద చీమల గుంపు కదులుతున్నదంటే ఆ ఆకును తీసి వెలుతురుకు పట్టి చూడాలి.

జాడ తెగిపోయిన చోట కంగారుపడి ముందుకు పోకు. చివరి చుక్కను నడుమ పెట్టుకొని, మెల్లగా పెరిగే చుట్లుగా తిరుగు. దుప్పి ఒక్కోసారి వచ్చిన దారినే కొంత వెనక్కు నడిచి పక్కకు దూకుతుంది. కడుపు దెబ్బ తిన్నది నీటి వైపు పోతుందని మనవాళ్లు అనే మాట నా అనుభవంలో చాలాసార్లు నిజమైంది. అందుకే ఒర్రె ఒడ్డు పొదలను ముందు చూడు. కాకుల అరుపు, కొండముచ్చుల హెచ్చరిక, ఒకేచోట ముసిరే ఈగలు, ఇవన్నీ నీకు దారి చూపేవే. అయితే ఆ నెత్తుటి వాసన పట్టుకొని చిరుతో ఎలుగుబంటో నీకంటే ముందే వచ్చి ఉండవచ్చు. ఒంటరిగా పోకు, చీకటి పడ్డాక డాక్టరు ఉన్నా పోకు. నడిచే దారిలో బైకు బ్రేకు వైర్లతో చేసిన ఉచ్చులూ, పైన కరెంటు లైను ఉంటే దాని నుండి లాగిన తీగలూ ఉంటాయని అనుకొనే అడుగు వేయాలి. ఒకచోట బాణం వేసినవాడు ఇంకోచోట తీగ కట్టి ఉంటాడు.

బతికి ఉన్న దుప్పి కనబడితే ఆగు. నేను చెబుతానన్న సంగతి ఇది. కొన్నేళ్ల కిందట కాలికి చిన్న గాయమైన ఒక మగ దుప్పిని మేము వల వేసి పట్టాము. నాలుగు కాళ్లు కట్టి, జీపులో పడేసి, చుట్టూ ఏడుగురం కూర్చొని మాట్లాడుకొంటూ తీసుకుపోయాము. దారిలో అది నోరు తెరిచి రొప్పి, మెడ వాల్చేసింది. గాయంతో కాదు, భయంతో, పెనుగులాటతో కండరాలు చెడి చచ్చిపోయిందని డాక్టరు చెప్పాడు. దుప్పి జాతికి ఇది ఎక్కువ. ఆ రోజు నుండి నా పద్ధతి మారింది. డాక్టరు మత్తు ఇస్తానంటే సరే, లేకపోతే వెనుకవైపు నుండి నలుగురు మాత్రమే పోవాలి, కొమ్ములకూ వెనుక కాళ్లకూ దూరంగా ఉండాలి. చేరగానే కళ్లకు మెత్తని గుడ్డ కట్టాలి, చీకటైతే దాని గుండె కొంత నెమ్మదిస్తుంది. దాన్ని వెల్లకిలా వేయకూడదు. రొమ్ము మీద కూర్చున్నట్టుగా, తల పైకి ఉండేలా పట్టుకోవాలి, లేకపోతే నెమరు మేత గొంతులోకి వచ్చి ఊపిరాడదు. నోట్లో నీళ్లు పోయకూడదు. ఒంటి మీద తడిగుడ్డ వేయవచ్చు. లోపల దిగిన బాణాన్ని నీవు లాగకూడదు, అది అడ్డుపెట్టి ఆపుతున్న నెత్తురంతా ఒక్కసారిగా పోతుంది. డాక్టరు తీస్తాడు. చుట్టూ ఎవరూ మాట్లాడకూడదు. ఫోటో తీసేవాళ్లను పంపేయి.

చచ్చిందని అనుకొంటే పొడవైన కర్రతో వెనుక నుండి కంటి మీద తాకి చూడు. రెప్ప కదలకపోతేనే దగ్గరకు పో. అప్పటి నుండి అది కాగితాల పని. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షను వేటను నిషేధిస్తుంది, ఆ చట్టంలో వేట అన్న మాటకు ఉచ్చు వేయడం, తరమడం, అందుకు చేసిన ప్రయత్నం కూడా వస్తాయి. 39వ సెక్షను ప్రకారం ఆ కళేబరం ప్రభుత్వ ఆస్తి. అందుకని పీఓఆర్ (నేరం మీద మనం రాసే తొలి నివేదిక) రాయకముందు ఎవరినీ తాకనివ్వకు. పంచనామా మరాఠీలో రాస్తావు గాని, పంచులు, అంటే సాక్షులు, తెలుగువాళ్లో గోండులో అయితే వాళ్ల భాషలో చదివి వినిపించాకే సంతకం పెట్టించు. డాక్టరు పోస్టుమార్టం చేశాక, పంచుల ముందే కాల్చాలి. 'పారేసేదే కదా సారూ' అని మాంసం అడిగేవాళ్లు ఉంటారు, అడిగేవాళ్లలో మనవాళ్లూ ఉంటారు. ఒక్క ముక్క పోయినా కేసు పోయినట్టే.

ఒక్క సంగతి మరిచాను. వేసవిలో ప్రాణహిత ఇసుకమేటలు బయటపడిన రోజుల్లో దెబ్బతిన్న దుప్పి తెలంగాణ ఒడ్డుకు దాటిందనుకో, నీవు దాటి పోకు. జాడ ఆగిన చోటు రాసుకొని రేంజరుకు చెబితే ఆయన అటువైపు వాళ్లకు చెబుతారు. మన వైపు ఎవరైనా కబురు చెప్పాలనుకొంటే అటవీశాఖ హెల్ప్‌లైను 1926కు ఫోను చేయవచ్చని ఊళ్లలో చెప్పి ఉంచు. నీ ఫోను కలవని రోజున అదే పనికి వస్తుంది.

ఈ ఉత్తరం తెచ్చే అబ్బాయి చేతికి ఒక సంచి ఇచ్చాను. అందులో తెల్లగుడ్డ పీలికల చుట్ట, పెరాక్సైడు సీసా, కళ్లకు కట్టే నల్లగుడ్డ ఉన్నాయి. గుడ్డను ఉతికి మళ్లీ వాడుకో, సీసా మాత్రం పాతబడితే పనిచేయదు, కొత్తది కొనుక్కో.

ఇట్లు,
మీ మామ